ఎనుము ఊపిరి

వేలూరు ఆసుపత్రి వార్డులో చిన్నమణి మొండికేసి కూర్చుంది. గుండె కవాటం మార్చే ఆపరేషన్ బాగానే జరిగిందని డాక్టర్లు చెప్పారు. కత్తికి భయపడని మనిషి ఇప్పుడు మూడు గోళీలున్న ప్లాస్టిక్ డబ్బాకు లొంగనంటోంది. ఆ డబ్బాకు ఒక గొట్టం ఉంటుంది. దాన్ని నోట్లో పెట్టుకుని గట్టిగా గాలి లాగితే గోళీలు పైకి లేస్తాయి. లేస్తే ఊపిరితిత్తులు విచ్చుకుంటున్నట్టు లెక్క. లేవకపోతే కఫం అడుగున పేరుకుని జ్వరం పట్టుకుంటుంది, ఆ తర్వాత సంగతి దేవుడికే ఎరుక. ఈ మాట ఫిజియోథెరపిస్టు ఆరోకియమేరి తమిళంలో నిదానంగా చెప్పింది, గట్టిగా చెప్పింది, చివరికి గడ్డం పట్టుకుని బతిమాలింది కూడా. చిన్నమణి గొట్టం వైపు చూసింది, పక్క మంచాల మీది ఆడవాళ్ళ వైపు చూసింది, పెదాలు బిగించి గోడ వైపు తిరిగిపోయింది.

కూతురు రంజనికి ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి. మలేషియాలో ఆసుపత్రులు లేకనా ఇంత దూరం వచ్చింది? కోస్తే మా ముత్తాత పుట్టిన గడ్డ మీదే కోయనీ అని పంతం పట్టి విమానం ఎక్కించింది ఈ ముసలమ్మే. ముత్తాతది వేలూరికి పక్కనున్న అణైకట్టు. ఓడెక్కి రబ్బరు తోటలకు పోయిన వాళ్ళు మళ్ళీ ఈ వైపు తిరిగి చూడలేదు. తీరా వచ్చి, కోత కోయించుకుని, గాలి పీల్చమంటే ఈ మూతి ముడుపులు. నిన్నటి నుంచి జ్వరం కూడా తగిలింది.

"ఏమ్మా, నన్ను యాల ఇట్లా చంపుతా ఉండావు? ఒక్కసారి లాగితే నీ సొమ్మేం పోతాది?" అంది రంజని.

చిన్నమణి గోడతోనే మాట్లాడింది. "పద్మనాభన్ మాస్టర్ ఊరు ఈడేగదా? ఆయప్పను పిల్చుకొని రా. ఆయప్ప ముందరైతే లాగుతా."

రంజనికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఆ పేరు వింటేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది.

పద్మనాభన్ గుడియాత్తం మనిషి. కొన్నేళ్ళ కింద మలేషియాలో వాళ్ళుండే తెలుక్ ఇంతాన్‌కు యోగా నేర్పడానికి వచ్చాడు. ఆదివారాలు గుడి పక్క హాల్లో తరగతి. తల్లీకూతుళ్ళిద్దరూ చేరారు. చిన్నమణికి ఆయన మాటంటే వేదం. ఒంటరి మగవాడు, వండుకోలేడు అని ఆదివారం ఆదివారం క్యారియర్ నిండా అన్నం, పప్పుచారు, ఉల్లగడ్డ వేపుడు తెచ్చి పెట్టేది. అక్కడి తోటల్లో అందరూ తమిళులే కాబట్టి వీళ్ళనూ అందరూ తమిళులనే అనుకునేవారు. ఇంట్లో మాత్రం ముత్తవ్వ మోసుకుపోయిన తెలుగే. చదవడం రాదు, రాయడం రాదు, తిట్టుకోవడం, ముద్దు చేసుకోవడం బాగా వచ్చు.

మాస్టర్ కూడా తెలుగువాడని రంజనికి ఎవరో చెప్పారు. ఆ ఆదివారం తరగతి అయిపోగానే, "మాస్టర్, మేమూ తెలుగోళ్ళమే, మాది అణైకట్టు" అని చెప్పి ఆయన ముఖం ఎలా వెలుగుతుందో చూడాలని ఆత్రంగా వెళ్ళింది. ఆయన ఫోన్‌లో భార్యతో మాట్లాడుతున్నాడు. రంజనిని చూసి కూడా గొంతు తగ్గించలేదు. ఎందుకు తగ్గిస్తాడు? తమిళుల మధ్య బతికే తెలుగువాళ్ళకు ఇదొక అలవాటు. సంతలో బేరమాడేటప్పుడూ బస్సులో పక్కవాడి మీద చాడీ చెప్పేటప్పుడూ ఇంటి బాసలోకి దిగిపోతారు, అదేదో తలుపు వేసుకున్నట్టు. సొంత ఊళ్ళో అయితే ఎవరికి తెలుగొచ్చో అని కాస్త జాగ్రత్త ఉంటుంది. సముద్రం దాటాక ఆ జాగ్రత్త కూడా ఎందుకనుకున్నాడు మహానుభావుడు.

"ఏం తింటానా? ఈ తోటోళ్ళ కూడే, ముక్కు మూసుకొని మింగతా ఉండా," అంటున్నాడు. "తెచ్చి పెట్టే ముసలామె ఉండాది చూడు, ఆమె ఊపిరి తీసిందంటే ఎనుము బుస కొట్టినట్టే. పక్కనోళ్ళు కండ్లు మూసుకొని నగుతారు. కూలోళ్ళకు ప్రాణాయామం యాడ ఎక్కతాది మే? కాలు చేయి ఆడించి పంపిస్తా ఉండా."

ఎనుమంటే వాళ్ళ వైపు బర్రె. అమ్మ పెట్టిన అన్నం తింటూ అమ్మను బర్రె అన్నాడు. అమ్మ అప్పుడు హాలు వెనక కొళాయి కింద ఆయన తిన్న క్యారియర్ కడుగుతోంది. అమ్మ వినలేదు, అంతే చాలు అనుకుంది రంజని. ఇంటికి పోయి దిండులో ముఖం పెట్టుకుని ఏడ్చింది, తల్లికి మాత్రం చెప్పలేదు. గురువు గురువు అని మురిసిపోయే మనిషికి ఆ మాట చెప్పి ఏం బావుకోవాలి? కరోనా వచ్చిన ఏడాది ఆయన ఊరికి తిరిగొచ్చేశాడు. అయినా పండగ పండగకీ పాత శిష్యుల గ్రూపులో తన ఫోటో, తన కేంద్రం చిరునామా పెడుతూనే ఉంటాడు. రంజని ఒక్కసారీ జవాబివ్వలేదు. ఇప్పుడు ఆ చిరునామాయే వెతుక్కోవలసి వచ్చింది. వసుదేవుడంతటి వాడికే గాడిద కాళ్ళు తప్పలేదు, తానెంత?

మర్నాడు పొద్దున్నే కాట్పాడి మీదుగా పోయే గుడియాత్తం బస్సెక్కింది. నేతగాళ్ళ వీధికి చేరేసరికి వీధి పొడవునా పడుగు చాచి ఉంది. లుంగీల నూలు, నీలం చారా, ఆకుపచ్చ చారా, ఇద్దరు ముగ్గురు గంజి పట్టిస్తూ అటూ ఇటూ నడుస్తున్నారు. అవతలి పక్కకు పోవాలంటే ఎంతటివాడైనా నూలు కింద నుంచి వంగి దూరాల్సిందే. మాస్టర్ ఇల్లు సరిగ్గా అవతలి పక్కే. ఈ మనిషి గడపకు తల వంచుకునే పోవాలని రాసి పెట్టి ఉందేమో అనుకుని పళ్ళు నూరుతూ వంగింది.

ఇంటి మీద పెద్ద బోర్డు. మలేషియాలో పేరు మోసిన యోగాచార్యులని తమిళంలో రాసుంది, పక్కన పద్మాసనంలో ఆయన ఫోటో. అరుగు మీద భార్య పచ్చయమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది. "వాంగమ్మా" అని చాప వేసింది. లోపలి నుంచి పద్మనాభన్ వచ్చాడు. నుదుటి నిండా విభూతి, మునుపటి కంటే కాస్త బొజ్జ. రంజనిని పోల్చుకోవడానికి ఒక నిమిషం పట్టింది.

రంజని తమిళంలోనే విషయం చెప్పింది. అమ్మకు ఆపరేషన్ అయింది, గాలి పీల్చనంటోంది, జ్వరం వచ్చింది, మీరు చెబితేనే వింటానంటోంది, దయచేసి రండి మాస్టర్. దయచేసి అనేటప్పుడు నాలుక మీద వేపాకు పెట్టినట్టుంది.

"అయ్యో, అమ్మకా!" అని తమిళంలో నొచ్చుకున్నాడు పద్మనాభన్. నొచ్చుకుని, భార్య వైపు తిరిగి, తెలుగులోకి దిగాడు.

"ఇదేమే ఆ తోటోళ్ళ పిల్ల, చెప్తా ఉంటినే. దానమ్మకు పొయ్యే కాలం వచ్చినట్టుండాది. ఇప్పుడు నేను గావాల్నంట."

"అన్నం పెట్టిన మనిషి. పోయి రాండి," అంది పచ్చయమ్మ, చేతిలో కండె ఆపకుండా.

"పోకేం జేస్తా? మలేషియా నుంచి నన్ను ఎతుక్కుంటా వచ్చినారని ఒక ఫోటో పడితే బోర్డులో పెట్టొచ్చు. ముసలామె నా కాళ్ళు మొక్కేటప్పుడు తీయాల. నువ్వూ రా, ఫోను పట్టుకో. మనం పోయేదాకా ప్రాణముంటే సరి."

రంజని చాప అంచు పిడికిట్లో బిగించింది. ఒక్క తెలుగు మాట చాలు. ఒక్క మాట అంటే ఈ మనిషి ముఖం విభూతి కంటే తెల్లగా పాలిపోతుంది. కానీ ఆ తర్వాత వేలూరుకు రాడు. రాకపోతే అమ్మ గొట్టం ముట్టదు. కక్కలేక మింగలేక, నేల చూపులు చూస్తూ కూర్చుంది.

పద్మనాభన్ మళ్ళీ తమిళంలోకి ఎక్కి, "దిగులు పడకమ్మా. గురువుకు శిష్యులు కన్నబిడ్డలతో సమానం," అన్నాడు తీయగా.

"మీ దయ మాస్టర్," అంది రంజని. తనను తాను అంతగా ఎప్పుడూ అసహ్యించుకోలేదు.

సాయంత్రం రోగులను చూడడానికి వదిలే వేళకు ముగ్గురూ వార్డులోకి వచ్చారు. చిన్నమణి మంచం మీద ఆనుకుని కూర్చుని ఉంది. కోత కదలకుండా ఒడిలో దిండు పెట్టుకుంది. ఎప్పుడు దువ్వుకుందో తల దువ్వుకుంది, బొట్టు పెట్టుకుంది. మాస్టర్‌ను చూసి కొద్దిగా తల ఊపింది. గురుభక్తి ఈ మనిషిని వదలదు కదా అని రంజని విసుక్కుంది. పద్మనాభన్ మంచం పక్కన నిలబడి కళ్ళు మూసుకుని ఏదో గొణిగాడు, చిన్నమణి నెత్తి మీద చేయి పెట్టాడు, ఫోన్ సరిగ్గా పట్టుకున్నావా అన్నట్టు భార్య వైపు ఒక కన్ను తెరిచాడు. ఆ తర్వాత గోళీల డబ్బా చేతికిచ్చి, "అమ్మా, నేను నేర్పించాను కదా. కడుపు లోపలి నుంచి నిండుగా గాలి లాగండి," అన్నాడు తమిళంలో, పక్క మంచాల వాళ్ళకు కూడా వినిపించేలా.

అని, అలవాటు ఊరుకోనిస్తుందా, భార్య వైపు వంగి తెలుగులో చిన్నగా అన్నాడు. "చూడు మే, ఇప్పుడు ఎనుము బుస వింటావు."

చిన్నమణి డబ్బా పక్కన పెట్టింది.

"ఎవురప్పా ఎనుము?" అంది, తెలుగులో.

పద్మనాభన్ నోరు తెరుచుకుని ఉండిపోయింది.

"నిన్నే అడుగుతా ఉండేది. ఎవురు ఎనుము? నేనా? ఆ పొద్దు ఫోన్లో అంటివే, అదే మాట. కొళాయి కట్టేసి లోపలికొస్తా ఉంటే నా చెవిన పడె. నీ ఎంగిలి క్యారియర్ చేతిలో పట్టుకొని నిలబడి విన్నా. తిన్నింటి వాసాలు లెక్కబెట్టేటోళ్ళను చూసినాను గానీ, తిన్న కూటినే ఉమిసేటోణ్ణి నిన్నే చూసినా!" చిన్నమణి దిండును రొమ్ముకు అదుముకుంది. గొంతు లేస్తోంది. "కూలోళ్ళా మేము? అవును, కూలోళ్ళమే. మా అవ్వ రబ్బరు చెట్టు గీసింది, మా అమ్మ గీసింది, నేను గీసినా. నీ నాయన యామన్నా జమీందారా? గుంతలో కూర్చొని మగ్గం తొక్కినోడే గదా? అది కూలి కాదా? మా కూడు కంపు, మీ కూడు సాంబ్రాణా?"

అంత గొంతు ఆ మనిషిలో ఉందని రంజనికి తెలియదు. నోట్లో నాలుక లేని మనిషని తోటంతా పేరు. మధ్యలో దగ్గు తెర ముంచుకొచ్చింది. చిన్నమణి దిండు గట్టిగా పట్టుకుని దగ్గింది, కళ్ళ నీళ్ళు తుడుచుకుంది, ఊపిరి నిండా తీసుకుంది, మళ్ళీ అందుకుంది. అరుపులు విని ఆరోకియమేరి పరుగెత్తుకొచ్చింది. రోగి దగ్గుతో పాటు కఫం వస్తోందని చూసి బేసిన్ అందించి, రంజని చెవిలో, "ఏం మాట్లాడుతోందో నాకు తెలియదు కానీ ఆపనివ్వకండి," అంది.

"అమ్మా, అమ్మా," పద్మనాభన్ చేతులు జోడించాడు. ఇప్పుడు ఆయనా తెలుగే. "మీరు మనోళ్ళని నాకేం తెలుసు? ఒక్క మాట చెప్పకూడదా? మనోళ్ళని తెలిసింటే నేను అట్లా అనిందునా?"

"మనోళ్ళు కాకుంటే అనొచ్చునా?"

తమిళులైతే అనవచ్చనే కదా ఇన్నాళ్ళూ అన్నాడు. వార్డులో సగం మంది తమిళులే. వాళ్ళకు మాటలు అర్థం కాకపోయినా, మెడ తిప్పకుండా చూస్తున్నారు.

"అసలు నేను ఆ మాట అనలేదమ్మా. ఎవురో చాడీ చెప్పింటారు," అన్నాడు పద్మనాభన్ చివరికి.

"అన్నారు గదా," అంది పచ్చయమ్మ. ఫోన్ సంచిలో పడేసుకుంది. "ఫోన్లో ఇవతల ఉండింది నేనే. నగినాను కూడా. తప్పు నాదీ ఉండాది, క్షమించమ్మా."

చిన్నమణి ఆవిడ వైపు ఒకసారి చూసి, మళ్ళీ మాస్టర్ వైపే తిరిగింది, కానీ ఈసారి గొంతు పడిపోయింది.

"నేను నిన్ను నమ్మినా నాయనా. నమ్మినోడి మాట గదా, నిజమే అనుకుంటి. ఆ పొద్దు నుంచి నలుగురి ముందర నోరు తెరిచి ఊపిరి తీయాలంటే నాకు సిగ్గు. మెట్లెక్కి ఆయాసమొస్తే కొంగు అడ్డం పెట్టుకొని ముక్కుతో తీసేదాన్ని. ఎవురికీ వినపడకూడదని. నా బిడ్డకు కూడా."

రంజని మంచం కమ్మీ పట్టుకుంది. ఆలస్యంగా తీసుకొచ్చారు, ఆయాసం ఏళ్ళ నుంచే ఉండి ఉండాలే, ఎవరూ గమనించలేదా అని డాక్టర్ అడిగినప్పుడు తను ఏమీ చెప్పలేకపోయింది. ఒకే ఇంట్లో, ఒకే గదిలో పడుకుని, తల్లి ఊపిరి దాచుకుంటోందని కనిపెట్టలేకపోయింది. ఆ మనిషి చెంప అక్కడికక్కడ పగలగొట్టాలనిపించింది.

పద్మనాభన్ మెల్లగా తలుపు వైపు జరుగుతున్నాడు. "నిలువు," అంది చిన్నమణి. "గాలి లాగమంటివే, చూసి పో."

డబ్బా తీసుకుంది. గొట్టం నోట్లో పెట్టుకుంది. ఈసారి పక్క మంచాల వైపు చూడలేదు. కళ్ళు ఆయన మీదే నిలిపి, ముక్కుపుటాలూ రొమ్మూ అదిరేలా, వార్డు ఆ చివరి దాకా వినబడేంత చప్పుడుతో గాలి లాగింది. నిజంగానే బర్రె బుస కొట్టినట్టే ఉంది. మొదటి గోళీ లేచింది. రెండోది లేచి ఊగింది. మూడోది కదిలి పడిపోయింది. ఆరోకియమేరి చప్పట్లు కొట్టింది. ఎవరూ నవ్వలేదు.

పద్మనాభన్ చెప్పకుండానే వెళ్ళిపోయాడు. పచ్చయమ్మ ఒక క్షణం నిలబడి, నీళ్ళ సీసా చిన్నమణికి అందేంత దగ్గరికి జరిపి, ఆయన వెనకే నడిచింది. రంజని వరండా దాకా వెళ్ళింది.

మెట్ల దగ్గర ఆయన ఆగి, "పొద్దున మా ఇంట్లో కూడా... నీకు తెలుగు...?" అన్నాడు.

"అంతా విన్నాను మాస్టర్," అంది రంజని తెలుగులో. "మీరు వచ్చేదాకా ప్రాణముండింది. చూసినారు గదా."

ఆయన మెట్లు దిగిపోయాడు. రంజనికి జాలి వేయలేదు. వేయాలని కూడా అనిపించలేదు.

వార్డులోకి వచ్చేసరికి చిన్నమణి చెమటతో తడిసి ఉంది. జ్వరం దిగే చెమట అంది ఆరోకియమేరి. రంజని తుండుగుడ్డతో తల్లి మెడ తుడిచింది.

"ఆ పొద్దు నేనూ విన్నానమ్మా. నువ్వు బాధపడతావని చెప్పలా."

"నువ్వు బాధపడతావని నేనూ చెప్పలా," అంది చిన్నమణి. కాసేపు రొప్పింది, కొంగు అడ్డం పెట్టుకోకుండానే. "రేపు మళ్ళా పిల్చుకొని రా ఆయప్పను. ఇంకా శానా ఉండాది. సగం కూడా అనలా."

"ఇంక యాడ వస్తాడు? రాడు లే."

"రాకుంటే నేనే పోతా." చిన్నమణి దిండు రొమ్ముకు అదుముకుని, ఎవరూ చెప్పకుండానే, ఒక్కో కాలూ మంచం మీద నుంచి కిందికి దించింది. "గుడియాత్తం బస్సు యాడ ఎక్కాల? నా చెప్పులు ఇట్లా జరుపు."